వదిలిపెట్టవలసిన జాబితా

వేసవి సెలవులు దగ్గరపడేసరికి మధ్యతరగతి ఇళ్ళల్లో రెండు జాబితాలు తయారవుతాయి. ఒకటి చూడవలసిన చోట్లది, రెండోది పట్టుకుపోవలసిన సామానుది. మొదటిది పిల్లలు రాస్తారు, రెండోది తల్లి రాస్తుంది. తండ్రి రెండూ చూసి, ఒక నిట్టూర్పు విడిచి, బ్యాంకు పుస్తకం తీస్తాడు. నేను చెప్పదలచుకున్నది మూడో జాబితా సంగతి. దాన్ని ఎవరూ రాయరు. అది వదిలిపెట్టవలసినవాటి జాబితా. తిరుపతికో విశాఖకో పోయేటప్పుడు అది లేకపోయినా గడిచిపోతుంది గాని, అండమాను దీవులకు పోయేవారికి మాత్రం అదే ముఖ్యమని నా అభిప్రాయం.

అండమాను మాట ఇప్పుడు మా హాలియావంటి చిన్న ఊళ్ళల్లో కూడా వినబడుతున్నది. హైదరాబాదులో విమానమెక్కితే సుమారు రెండున్నర గంటల్లో పోర్టుబ్లెయిరులో దిగవచ్చు. ఆ ఊరికి 2024లో కేంద్రప్రభుత్వం శ్రీవిజయపురమని పేరు మార్చింది. వెనకటికి ‘నల్లనీళ్ళు’ దాటించడమంటే మనిషిమీద ఆశ వదులుకోవడమే. ఆ నీళ్ళనే ఇవాళ పిల్లలు సెలవులకు ఎంచుకుంటున్నారు. సంతోషించవలసిన సంగతే.

మా కాలేజీలో లెక్కల సారొకరు తన పథకం తెచ్చి చూపించారు. ఆరు రోజులు, పదకొండు స్థలాలు. నిలువుగళ్ళు, అడ్డగళ్ళు గీసి, పడవ దిగిన పది నిమిషాలకు కారు, కారు దిగిన గంటకు మరో పడవ అని చక్కగా రాసుకున్నారు.

‘‘ఎట్లుంది సార్?’’ అన్నారు.

‘‘లెక్కలో తప్పేమీ లేదు సార్. సముద్రాన్నొక్కదాన్నే మీరు అడగలేదు’’ అన్నాను.

నవ్వారుగాని, ఇది నవ్వుకు అన్న మాట కాదు. అండమానులో ఒక దీవినుంచి మరో దీవికి పోవాలంటే చాలావరకు పడవే గతి. గాలి లేచిందంటే రేవులో పడవలు కట్టేస్తారు. 2016 డిసెంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడు హావ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యిమందికి పైగా యాత్రికులు చిక్కుకుపోయారు. నౌకాదళం ఓడలు పోయి వారిని తీసుకురావలసివచ్చింది. (ఈ రెండు దీవులకూ 2018లో స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని కొత్తపేర్లు పెట్టారు.) అంచేత మూడో జాబితాలో మొదటి పద్దు ఇది: చూడదలచుకున్నవాటిలో సగం వదిలిపెట్టండి. ఒక రోజు ఖాళీగా ఉంచండి. తిరుగు విమానానికి ముందు రాత్రి దూరపు దీవిలో కాక, ఊళ్ళోనే ఉండేటట్టు చూసుకోండి.

ఎప్పుడు పోవాలి? నైరుతి ఋతుపవనం మనకంటే ముందు ఆ దీవులనే పలకరిస్తుంది. మే 20 ప్రాంతానికే అక్కడ వాన మొదలవుతుంది. అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలం. జనవరినుంచి ఏప్రిలు దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. బడిపిల్లలున్న ఇంటికి సంక్రాంతి సెలవులు చాలవు కాబట్టి, వేసవి సెలవులిచ్చిన మొదటి పది పన్నెండు రోజులే సరైన అదను. మేనెల చివరికి వాయిదా వేస్తే, డబ్బు పెట్టి పోయి వాన చూసి రావలసివస్తుంది.

మరో సంగతి పొద్దుది. గడియారం మనదీ అక్కడిదీ ఒకటే. సూర్యుడు మాత్రం అక్కడ హాలియాకంటే దాదాపు గంట ముందు లేచి, గంట ముందు అస్తమిస్తాడు. డిసెంబరులోనైతే సాయంత్రం ఐదింటికే పొద్దు గుంకుతుంది. ఎనిమిదింటికి లేచి, ఇడ్లీలు తిని, పదింటికి బయలుదేరే అలవాటును కూడా ఇంట్లోనే వదిలి వెళ్ళాలి.

తీరిక ఉండి, డబ్బు దగ్గర కొంచెం ఆలోచించేవారికి ఓడ ఉన్నది. మిర్యాలగూడ మీదుగా పోయే రైల్లో విశాఖ చేరితే, అక్కడినుంచి ఓడ ప్రయాణం. సుమారు 1,200 కిలోమీటర్లు, రెండున్నర మూడు రోజులు పడుతుంది. చెన్నైనుంచీ కలకత్తానుంచీ కూడా ఓడలు పోతాయి. అయితే విశాఖ ఓడ తరచుగా ఉండదు. కదిలే తేదీ తెలుసుకున్న తరవాతనే తక్కిన ఏర్పాట్లు చేసుకోవాలి.

ఇక పగడాల సంగతి. మనం పగడాన్ని ఎరిగింది మెడలో పూసగాను, ఉంగరంలో రాయిగాను. సంస్కృతంలో దానికి ప్రవాళమనీ, విద్రుమమనీ పేర్లు. ద్రుమమంటే చెట్టు. కొమ్మలూ రెమ్మలూ ఉన్నట్టు కనబడుతుంది కనుక పూర్వులు దాన్ని చెట్టుజాతిలో చేర్చారు కాబోలు. నిజానికి అది చెట్టూ కాదు, రాయీ కాదు. చిన్న చిన్న ప్రాణులు వేలూ లక్షలూ ఒకచోట చేరి, సముద్రపు నీటిలోని సున్నంతో కట్టుకున్న ఇల్లు. ఆ ప్రాణి ఒంట్లో కంటికి కనబడనంత చిన్న నాచు కాపురముంటుంది. ఆ నాచు ఎండను పట్టి అన్నం వండిపెడుతుంది, రంగునూ ఇస్తుంది. నీరు ఉండవలసిన దానికంటే ఒక్క డిగ్రీ ఎక్కువ వేడెక్కి, కొన్ని వారాలు అట్లాగే ఉంటే, ఈ కాపురం చెడుతుంది. నాచు పోయి పగడం తెల్లబడుతుంది. ఆకలితో ఉన్న ఆ పగడం త్వరలో కోలుకోకపోతే చచ్చిపోతుంది. 2010 వేసవిలో అండమాను పగడాలకు ఇదే జరిగింది. గుండ్రటి బండపగడం ఏడాదికి పెరిగేది ఇంచుమించు ఒక సెంటీమీటరు. మనవాడొకడు ఫోటోకోసం దానిమీద కాలుపెట్టి నిలబడితే, ఆ ఒక్క నిమిషంలో పోయేది ఎన్నేళ్ళ కష్టమో లెక్క వేసుకోవచ్చు.

పగడాలు చూడడానికి ఊరికి సుమారు 30 కిలోమీటర్ల దూరాన వండూరు ఉన్నది. అక్కడ 1983లో మహాత్మాగాంధీ సముద్ర జాతీయవనం ఏర్పాటు చేశారు. అందులోని జాలీబాయ్ దీవికి పోవాలంటే అటవీశాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి. ప్లాస్టిక్ సీసా, ప్లాస్టిక్ సంచీ, ఏవీ ఆ దీవికి రానివ్వరు. మరచెంబు పట్టుకుపోండి, సరిపోతుంది. ‘ఇంత సముద్రంలో ఒక్క సంచీ ఏం చేస్తుంది?’ అనుకునేవారు ఒకమాట ఆలోచించాలి. మా హాలియా వాగు కృష్ణలో కలుస్తుంది. కృష్ణ హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ దీవులను తాకే నీళ్ళూ ఆ బంగాళాఖాతానివే. కనుక జాగ్రత్త వండూరు రేవులో కాదు, మన సంతలోనే మొదలుకావాలి.

ఒడ్డున విరిగిపడ్డ పగడపు ముక్క కనబడితే పిల్లలు జేబులో వేసుకుంటారు. వేసుకోనివ్వకండి. దిబ్బలు కట్టే పగడాలన్నీ వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి వస్తాయి. చచ్చిన ముక్కయినా సరే, తీసుకురావడం నేరమే. విమానాశ్రయంలో సోదాలో బయటపడితే పరువు పోతుంది, పనీ చెడుతుంది.

అడవి సంగతి వేరు. మన నల్లమల ఎండలు ముదిరితే ఆకు రాలుస్తుంది. నల్లగొండ జిల్లాలో సాలుకు కురిసే వాన దాదాపు 750 మిల్లీమీటర్లు. అండమానులో దానికి నాలుగింతలు. అందుకే అక్కడ ఏడాది పొడుగునా పచ్చగా ఉండే అడవులున్నాయి. దీవుల నేలలో నూటికి ఎనభై పాళ్ళకు పైగా అడవే. గర్జన్ చెట్లు నలభై మీటర్ల ఎత్తు లేస్తాయి. కొన్ని చెట్లకు మొదట్లో గోడల్లాంటి వేళ్ళుంటాయి, పిల్లలు వాటిచాటున దాగుడుమూతలాడవచ్చు. ఊరికి దగ్గరలోనే హారియట్ కొండ (2021నుంచి మణిపూర్ కొండ), చిడియాటాపు ఉన్నాయి. అడవి చూడడానికి ఈ రెండూ చాలు.

చాలునని ఎందుకంటున్నానంటే, చాలామంది ఉత్తరానికి పోయే పెద్ద రోడ్డు మీద పోదామంటారు. ఆ రోడ్డు జారవాల అడవిగుండా పోతుంది. వారు కొన్ని వందలమంది మాత్రమే ఉన్న ఆదివాసులు. వారిని చూడాలని పోవడం తగదు. ఆగడం, ఫోటో తీయడం, తినుబండారాలివ్వడం, అన్నీ నిషేధమే. 2012లో యాత్రికుల వినోదంకోసం జారవా స్త్రీలచేత నాట్యం చేయించిన చిత్రం బయటపడి, దేశమంతా సిగ్గుపడింది. మన వాకిట్లోకి ఎవరో కారులో వచ్చి, మన ఆడపిల్లలకు బిస్కెట్లు విసిరి ఆడమంటే ఊరుకుంటామా? ఆ రోడ్డును కూడా జాబితాలో చేర్చండి.

వదిలిపెట్టకూడనివి రెండున్నాయి. మొదటిది సెల్యులర్ జైలు. 1896లో కట్టడం మొదలుపెట్టి 1906లో పూర్తిచేశారు. ఏడు రెక్కల్లో ఇప్పుడు మిగిలినవి మూడు. మన్యం తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవారిలో కొందరిని అండమానుకే పంపారు. అంతకు ముందే, ఆ జైలు గోడలు లేవకముందే, మన హైదరాబాదు మనిషి ఒకరు ఆ నేలమీద శిక్ష అనుభవించారు. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి కోఠీలోని రెసిడెన్సీమీద దాడి నడిపిన మౌల్వీ అల్లావుద్దీన్ ఆయన. తిరిగి ఇంటికి రాలేదు, ఆ దీవుల్లోనే కన్నుమూశారు. పిల్లలకు ఈ సంగతి చెప్పి ఆ గదుల ముందు నిలబెడితే, తిరుగు విమానం చేతిలో ఉన్న ప్రయాణం విలువ వారికే తెలుస్తుంది.

వదిలిపెట్టకూడని రెండోది, ఇంట్లోని పెద్దప్రాణం. లెక్కల సారింట్లో ఐదుగురు, పథకంలో మాత్రం నాలుగే టిక్కెట్లు. ‘‘అమ్మకు మోకాళ్ళ నొప్పులు సార్, నీళ్ళల్ల దిగేది లేదు, ఆమె ఏం చూస్తది?’’ అన్నారు. ఆ తల్లి సముద్రం ఎన్నడూ చూడలేదు. ‘‘మన సాగర్ కన్న పెద్దగుంటదా బిడ్డా?’’ అని మనుమరాలిని అడిగిందట. పగడాలు చూడడానికి ఈత రానక్కరలేదు. జాలీబాయ్‌లో అడుగున అద్దం బిగించిన పడవలుంటాయి, కూర్చుని కిందికి చూస్తే చాలు. మాట తెలియదన్న బెంగా అక్కరలేదు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవులవారిలో నూటికి సుమారు పదమూడుగురు తెలుగు తమ మాతృభాషగా రాయించుకున్నారు. శ్రీకాకుళం, విశాఖ తీరాలనుంచి చేపల వేటకూ, కూలిపనులకూ పోయి స్థిరపడ్డవారే అందులో ఎక్కువమంది. పోర్టుబ్లెయిరు బజారులో ‘‘ఏ ఊరు మనది?’’ అని అడిగే మనిషి ఆమెకు తప్పక దొరుకుతుంది.

ఇవన్నీ చూసుకుంటే వారం రోజుల పథకం ఇట్లా తేలుతుంది. మొదటిరోజు దిగి, సేదతీరి, సాయంత్రం జైలు, చీకటిపడ్డాక అక్కడ జరిగే వెలుగూ ధ్వనీ ప్రదర్శన. రెండోరోజు పొద్దున్నే వండూరు. ఆ వనానికి సోమవారం సెలవు కనుక వారం చూసుకుని బయలుదేరాలి. మూడోరోజు పడవలో హావ్‌లాక్, పొద్దుగుంకే వేళకు రాధానగర్ ఇసుక. నాలుగోరోజు అక్కడే, ఏ పనీ పెట్టుకోకుండా. ఐదోరోజు వెనక్కి. ఆరోరోజు ఖాళీ: గాలి అడ్డుపడితే దానికి, పడకపోతే చిడియాటాపు అడవికి. ఏడోరోజు విమానం. అప్పుడు పెట్టె తూచి చూసుకోండి. పోయేనాటి బరువుకు ఒక్క గవ్వ ఎత్తయినా ఎక్కువ ఉండకూడదు.