తేనెపిట్టకు వీసా అంటగట్టకండి

సంపాదకుల వారికి,

గత ఆదివారం అనుబంధంలో అర పేజీ బొమ్మతో హమ్మింగ్‌బర్డ్ మీద వ్యాసం వేశారు. చలికాలంలో అది సముద్రాలు దాటి మన పెరళ్లకు వస్తుందట. చక్కెర నీళ్లలో ఎర్రరంగు కలిపి సీసాలు కట్టమని సలహా కూడా ఇచ్చారు. అది చూసి రేణిగుంటలో ఒక పాఠకుడికి కాఫీ గొంతులో అడ్డం పడింది. బొమ్మలో ఉన్నది ఆయన పెరట్లో ఏడాది పొడుగునా తిరిగే తేనెపిట్ట. ఈ లేఖ రాస్తున్నది ఆ పాఠకుడే.

హమ్మింగ్‌బర్డ్ రకాలు మూడు వందలకు పైనే ఉన్నాయి, అన్నీ అమెరికా ఖండాల్లోనే. వాటిలో కొన్ని చలికి కెనడా నుంచి మెక్సికో దాకా పోతాయి. రేణిగుంట జంక్షన్‌లో మాత్రం ఏదీ దిగదు. తేనెపిట్టది వేరే కుటుంబం. చేసే పని ఒకటే గనక రెంటికీ సన్నటి పొడుగు ముక్కు వచ్చింది. అది గాల్లో నిలబడి తాగుతుంది, ఇది చాలావరకు కొమ్మ మీద వాలి తాగుతుంది. సాయంత్రం పూట పూల ముందు గాల్లో నిలిచి రెక్కలాడించేది మన దగ్గర ఒకటుంది. అయితే అది పిట్ట కాదు, చిమ్మట!

ఆ బొమ్మలో రెండు జాతులంటూ మీరు వేసిన జంట ఒకే జాతి ఆలుమగలు. మగదానికి జత కట్టే కాలంలో నీలి ఊదా మెరుపు. ఆ కాలం పోతే అదీ ఆడదానిలా పసుపు తిరుగుతుంది, గొంతు నుంచి పొట్ట దాకా ఒక నల్ల చార మిగులుతుంది.

ఈ పాఠకుడు రైల్వేలో చేసి రిటైరయ్యాడు. రాకపోకలు రాసిపెట్టే అలవాటు పోలేదు. పాత డైరీలో ఇప్పుడు పిట్టల టైములు రాస్తున్నాడు. మునగ పూస్తే పొద్దున్నే హాజరు. దానిమ్మ, కాశీరత్నం, నూరువరహాలు తర్వాతి స్టేషన్లు. రేకు మందారంలో ముక్కు పట్టకపోతే పువ్వు అడుగున పొడిచి తేనె లాగేస్తుంది. మామిడి మీద బదనిక పూసినా వదలదు.

అసలు కోపం ఇక్కడుంది. ఈ ఏడు వరండాలో బట్టలారేసే తీగకు ఆడపిట్ట గూడు అల్లింది. నార, బెరడు ముక్కలు, సాలెగూళ్లతో వేలాడే సంచి, పక్కన చిన్న వాకిలి, వాకిలి పైన చూరు. లోపల రెండు గుడ్లు. పొదిగేది తల్లి ఒక్కతే. మీ వ్యాసం చదివిన మనవడు అదే తీగకు ఎర్రనీళ్ల సీసా కట్టాడు. తెల్లారేసరికి చీమల బారు సీసా మీదుగా గూట్లోకి దారి తీసింది. తల్లి మళ్లీ రాలేదు. అడిగితే, "పేపర్లో ఏసినారు గదా తాతా" అన్నాడు. వాణ్ణి ఏమనాలి? అమెరికాలో కూడా ఒక పాలు చక్కెరకు నాలుగు పాళ్ల నీళ్లే కలపమంటారు, రంగు వద్దంటారు. ఇక్కడ మేలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ నీళ్లు తొందరగా పులుస్తాయి.

పనిలో పనిగా మీ మొక్కల శీర్షిక సంగతీ చెప్పాలి. వారం వారం ముద్దమందారం, విదేశీ గడ్డి, బోన్సాయ్. ముద్దమందారంలో రేకుల గుంపు దాటి తేనె అందుకోవడం పిట్టకు కష్టం. ఒక్క వారమైనా మునగ, అవిశె, అడ్డసరం రాయకూడదా? నర్సరీ ప్రకటనలు ఆగిపోతాయా?

పిట్టల మీద పరిశోధన చేసేవాళ్లు మన పక్క ఏర్పేడులో, తిరుపతి ఐసర్‌లోనే ఉన్నారు. ఒక్క ఫోను చేసి ఉంటే సరిపోయేది. ఇప్పుడైనా సవరణ వేయండి. లోపలి పేజీ మూలన వేలెడంత కాదు, బొమ్మ వేసిన చోటే, అంత పెద్ద అక్షరాల్లో. ఎర్రనీళ్ల సీసాలు దించేయమని కూడా అందులోనే రాయండి.

– ఒక పాఠకుడు, రేణిగుంట