ఆదరణ మాటకు అంత తొందరా?

వాక్యం చెప్పే సేవకుడికి నవలలతో పనేమిటని మన సంఘాల్లో కొందరు పెద్దలు అడుగుతుంటారు. ఏథెన్సులో పౌలు గ్రీకు కవుల మాటను ఎత్తి చూపి మరీ సువార్త చెప్పాడు (అపొ. కా. 17:28). చదవనివాడికి ఆ ప్రసంగం సాధ్యమయ్యేది కాదు. ప్రసంగానికి ఉదాహరణలు ఏరుకోవడం గురించి కాదు నేను చెప్పేది. జీవితాన్ని లోతుగా ప్రశ్నించే ఒకటి రెండు నవలలను ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ చదివితే మనం రాసే తీరే మారుతుంది.

నేను తరచూ వెళ్లేది ‘మాలపల్లి’ దగ్గరికి. పల్నాటి అడవి సత్యాగ్రహంలో జైలు పాలైన ఉన్నవ లక్ష్మీనారాయణ చెరలో ఉండి రాసిన నవల అది. 1922లో వెలువడింది, మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అందులోని కూలి తగవులు మా బెల్లంకొండ వైపు వారికి వివరించి చెప్పనక్కర్లేదు. కూలీల పక్షాన నిలిచిన సంగదాసును భూస్వామి చౌదరయ్య కొట్టి చంపుతాడు. తండ్రి రామదాసు భక్తుడు, వేదాంతి. ఆయన వేదాంతం మన సిద్ధాంతం కాదు, నిజమే. అయినా యౌవనంలో చదివినప్పుడు ఆయన ఓర్పు గొప్పగా కనిపిస్తుంది. యాభై దాటాక చదివితే ఆ ఓర్పుకు ఆయన చెల్లించిన వెల కనిపిస్తుంది.

రెండోది దోస్తాయెవ్‌స్కీ ‘కరమజోవ్ సోదరులు’. మూడేళ్లు నిండని ఆయన కొడుకు అల్యోషా 1878లో మరణించాడు. ఆ తర్వాత రాసిన ఈ నవలలో అదే ఈడు బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లి జోసిమా అనే వృద్ధ సన్యాసి దగ్గరికి వస్తుంది. బిడ్డ దేవుని సన్నిధిలో ఉన్నాడని ఆయన చెబుతాడు. తన భర్త కూడా అదే చెప్పాడంటుందామె. పెద్దాయన సిద్ధంగా ఉంచుకున్న ఓదార్పు అక్కడితో అయిపోయింది! అప్పుడాయన రాహేలును (యిర్మీయా 31:15) తలచుకుని ఆమెను ఏడవనిస్తాడు. తర్వాత బిడ్డ పేరేమిటని అడుగుతాడు.

ఈ ఘట్టం చదివినప్పుడల్లా మన ఆదరణ కూడికలు గుర్తొస్తాయి. మిర్చి, పత్తి వేసి అప్పుల్లో మునిగి ప్రాణం తీసుకున్న రైతు ఇంట్లో, భార్య ఇంకా స్పృహలోకి రాకముందే, ‘ఇది దేవుని చిత్తం’ అని మొదలుపెట్టే ప్రసంగాలు ఎన్ని లేవు? యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు విప్పకుండా నేలమీద కూర్చున్నారు (2:13). వారు చేసిన మేలు అదొక్కటే. ఆ తర్వాత వాదించారు, దేవుని కోపానికి గురయ్యారు (42:7). వాదం అక్కర్లేదనను. సెమినరీలో నేర్చుకున్నదానికి విలువ ఉంది, తరగతి గదిలోనూ బైబిలు అధ్యయనంలోనూ. శవం ఇంకా లేవని ఇంట్లో మాత్రం కాదు. లాజరును లేపబోతున్నానని ఎరిగిన ప్రభువే అతణ్ని ఎక్కడ ఉంచారని అడిగాడు, కన్నీళ్లు విడిచాడు (యోహాను 11:34, 35). రాయి తీయమన్నది ఆ తర్వాతే.

ఈ నవలల వల్ల నాకు ఒక అలవాటు పడింది. ఆదరణ కూడికకు రాయడానికి కాగితం ముందు పెట్టుకున్నప్పుడు మొదట చనిపోయినవారి పేరు రాస్తాను, తర్వాత ఇంట్లో మిగిలినవారి పేర్లు, పిల్లలు ఏ తరగతి చదువుతున్నారో, బాకీ ఎంత ఉందో. వాక్యభాగం వెతకడం ఆ తర్వాత.