నాలుగు నిమిషముల ఓర్పు

వినోదమునకై నీటిమీదికి పోయినవారు నిప్పునకు ఆహుతి యగుటకంటె విపరీత మేమున్నది? అమెరికా సంయుక్తరాష్ట్రములలో మే నెల చివర మొదలుకొని సెప్టెంబరు తొలివారము వరకు సరస్సులును, నదులును, సముద్రతీరములును మరపడవలతో నిండియుండును. సెలవు దినములలో కుటుంబములకు కుటుంబములే పిల్లలతోడను, ఫలహారపు డబ్బాలతోడను పడవ లెక్కును. ఈ ఋతువులో అచ్చటి పత్రికలయందు ఒకే విధమైన వార్త మరల మరల కనబడుచుండును: పడవ రేవున పెట్రోలు పోయించుకొనిరి, తాళము త్రిప్పిరి, పడవ ప్రేలినది. ఇట్టి వార్తను “దురదృష్టవశమున” అను మాటతో మొదలుపెట్టుట పరిపాటి. మే మా మాటను అంగీకరింపజాలము. కారణము తెలిసియు, నివారణము తెలిసియు, దానికగు వ్యయము స్వల్పమని యెఱిగియు, జరిగిన కీడును అదృష్టముమీదికి నెట్టుట మానవుని బాధ్యతను కప్పిపుచ్చుటయే యగును.

కారణమును మొదట విచారింతము. పెట్రోలు ద్రవముగా నున్నప్పుడు మండదు. మండునది దాని ఆవిరి. ఆ ఆవిరి పుట్టుటకు ఎండ యక్కఱలేదు. సున్నకు దిగువ 40 డిగ్రీల సెంటిగ్రేడు చలిలో సైతము, నిప్పు తగిలిన అంటుకొనునంత ఆవిరిని పెట్రోలు విడుచును; డీజిలు నూనెయో 50 డిగ్రీలకు పైగా వేడెక్కినగాని సాధారణముగా అట్టి ఆవిరి నీయదు. పెట్రోలు ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది. కావున అది పొగవలె పైకి పోక, నీటివలె పల్లమునకు ప్రాకును. మోటారు కారులో ఇంజను క్రింద బయలు. కారిన బొట్టు నేలపై బడి, దాని ఆవిరి గాలిలో కలిసిపోవును. పడవ యట్లు కాదు. నీరు లోనికి రాకుండుటకై కట్టిన పాత్ర యది. నీటిని వెలుపల నుంచు గోడయే ఆవిరిని లోపల బంధించును. గొట్టపు బిగింపు సడలి చుక్కచుక్కగా కారిన పెట్రోలు పడవ అడుగుగర్భమున చేరి, పైనున్నవారికి వాసన తగులకమునుపే అచ్చటి గాలితో కలియును. ఆ గాలిలో ఆవిరి నూటికి 1.4 పాళ్ళు మొదలు 7.6 పాళ్ళ వరకు ఉన్నచో ఆ మిశ్రమము మందుగుండు వంటిదే. దానిని ముట్టించుటకు ఇంజనును కదలించు మోటారులో పుట్టిన యొక్క రవ్వ చాలును.

పెట్రోలు పోయించుకొనిన వెంటనే ఈ యపాయ మేల హెచ్చునో సులభముగానే గ్రహింపవచ్చును. తొట్టిలోనికి ద్రవము దిగుచుండగా, అదివఱకు అందు నిండియున్న ఆవిరి వెలికి రావలసియున్నది. పడవ గదుల తలుపులును, కిటికీలును తెఱచియున్నచో ఆ బరువైన ఆవిరి మెల్లగా లోనికి జాఱును. భూగర్భపు తొట్టినుండి వచ్చిన చల్లని పెట్రోలు ఎండకు వ్యాకోచించును. మూతివఱకు నింపినచో పొంగి పొరలును. అప్పుడు రేవులో వెనుక మఱి నాలుగు పడవలు కాచుకొనియుండును, పిల్లలు తొందరించుచుందురు, యజమాని తాళము త్రిప్పును.

ఈ సంగతి క్రొత్తగా కనుగొన్నది కాదు. అమెరికా శాసనసభ 1940 ఏప్రిల్ 25న అమలులోనికి తెచ్చిన మరపడవల చట్టము, ఇంజనునుండి వెనుకకు తన్నిన మంట వెలికి రాకుండ కార్బురేటరునకు జ్వాలానిరోధకము అమర్చవలెననియు, అడుగుగర్భమునకు గాలి వచ్చు త్రోవయు పోవు త్రోవయు ఉండవలెననియు విధించినది. 1971లో పడవల భద్రతకై వేఱొక చట్టము వచ్చి, నిర్మాతలపై నియమములు విధించు అధికారమును ప్రభుత్వమున కొసగినది. దాని ఫలముగా, 1980 జూలై 31 తరువాత కట్టిన పెట్రోలు పడవలలో, ఇంజను మూసిన గదిలో నున్నచో ఆ గదినుండి ఆవిరిని వెలికి లాగు విద్యుత్పంకా తప్పనిసరి యైనది. అచ్చటివారు దీనిని బ్లోయరు అందురు. తాళపుచోటికి చేరువగా, నడుపువాని కంటబడునట్లు ఒక హెచ్చరిక పలకయు నుండవలెను. ఇంజను కదలించుటకు మునుపు ఆ పంకాను 4 నిమిషములైన నడుపవలెననియు, అడుగున పెట్రోలు ఆవిరి యున్నదేమో చూచుకొనవలెననియు దాని సారాంశము.

స్వేచ్ఛను ప్రాణపదముగా నెంచు జాతి యీ నియమములను అంగీకరించుట గమనింపదగినది. స్వేచ్ఛ యనగా నియమరాహిత్యము కాదని వారి శాసనము చెప్పుచున్నది. కాని శాసనమున కొక యెల్ల కలదు. పంకాను పెట్టించుటకు నిర్మాతను నిర్బంధింపవచ్చును; పలకను అతికింపించవచ్చును; నాలుగు నిమిషములు కూర్చుండుమని నడుపువానిని ఏ రాజభటుడు నిర్బంధింపగలడు? నడిసరస్సున కాపలా లేదు, సాక్షి లేడు. అచ్చట మనుష్యుని పాలించునది అతని వివేక మొక్కటియే. పరుల శాసనమునకు వెఱచి కాక తన బుద్ధికి తాను లోబడి నడచుకొనుటయే స్వరాజ్యమని మన పెద్దలు బోధించిరి. ఆ స్వరాజ్యమునకు ఈ నాలుగు నిమిషములు చిన్న పరీక్ష.

చేయవలసిన పని కష్టమైనది కాదు. పెట్రోలు పోయునపుడు ఇంజనును, పొయ్యిని, సమస్త విద్యుత్ పరికరములను ఆపవలెను. చుట్టలు, సిగరెట్లు ఆర్పవలెను. పడవలోనివారు రేవుపైకి దిగవలెను. తలుపులు, కిటికీలు మూయవలెను. ఘర్షణ విద్యుత్తు రవ్వగా దుముకకుండుటకై పోయు గొట్టపు ముక్కును తొట్టిమూతికి ఆనించియే యుంచవలెను. చేతితో మోసికొనిపోవు చిన్న తొట్టెలను పడవలో నుంచి నింపరాదు. రేవున నేలపై బెట్టి నింపవలెను. మూతివఱకు నింపక కొంత వెలితి విడువవలెను. ముగిసిన పిదప తలుపులన్నియు తెఱచి, ఇంజను గది మూత యెత్తి, ముక్కుతో వాసన చూడవలెను. వాసన తగిలినచో ఏ స్విచ్చిని ముట్టరాదు. ఎవ్వరిని పడవ యెక్కనీయరాదు. కారుచోటు కనుగొని బాగుచేయించవలెను. వాసన లేనిచో పంకాను 4 నిమిషములు నడిపి, మరల వాసన చూచి, అప్పుడు తాళము త్రిప్పవలెను. పంకా లాగునది ఆవిరిని మాత్రమే. అడుగున నిలిచిన పెట్రోలును అది తీసివేయజాలదు. పంకా తిరిగినది గదా యని ముక్కునకు సెలవిచ్చువాడు సగము పని చేసి సగమును మృత్యువునకు విడిచినవాడు.

“పడవ యన్న తరువాత పెట్రోలు వాసన లేకుండునా?” అని కొందఱనుట కలదు. ఇంతకంటె ప్రమాదకరమైన మాట లేదు. మంచి పడవకు పెట్రోలు వాసన యుండదు. వాసన యున్నదనగా ఎచ్చటనో కారుచున్నదని యర్థము. ఇంకొక దురభ్యాస మున్నది. పడవకు తగిన స్టార్టరు మోటారును, విద్యుదుత్పాదకమును లోని రవ్వ వెలుపలి ఆవిరిని ముట్టింపకుండునట్లు నిర్మింతురు. వాని వెల హెచ్చు. అవి చెడినపుడు కొందఱు చవుకకు దొరకు కారు భాగములను బిగింతురు. చూపునకు రెండును ఒక్కటే, పనియు నొక్కటే, కాని కారు భాగమునకు ఆ రక్షణ లేదు. పెట్రోలు గొట్టములును అట్టివే. వానిలో మేలుతరగతివి మంటలో 2½ నిమిషములు నిలువగల్గునట్లు పరీక్షింపబడినవి. పాత గొట్టములు పెట్రోలులో కలిపిన ఇథనాలునకు తాళలేక మెత్తబడుటయు, చిట్లుటయు కలదు. ఏటేట వానిని చేతితో నొక్కి చూచి, చెడినవానిని మార్చుటకగు ఖర్చు ఒక కుటుంబపు ప్రాణములతో పోల్చదగినదా?

తన పడవను తానెఱిగిన యజమాని మాట యట్లుండనిండు. అద్దెకు తీసికొనినవాని గతి యేమి? టిక్కెట్టు కొని యెక్కినవాని గతి యేమి? 2018 జూన్ 30న బహామా దీవులలోని ఎక్జూమా ప్రాంతమున విహారయాత్రికులతో పోవుచున్న పడవ ప్రేలి ఒక అమెరికను స్త్రీ మరణించెను, పలువురు గాయపడిరి. టిక్కెట్టు కొనినవారు పడవ అడుగుమూత యెత్తి చూడబోరు. చూడవలసినవాడు టిక్కెట్టు అమ్మినవాడు. అద్దె సొమ్ము పుచ్చుకొను ప్రతివాడును తాళముతో పాటు ఈ పాఠమును ఒప్పగింపవలెను. అమెరికాలో నివసించు మన తెలుగు కుటుంబములు వేసవిలో సరస్సులపై పడవలు అద్దెకు తీసికొనుచున్నవి. పదిమంది బంధువులు కూడినచోట తొందర హెచ్చు, జాగ్రత్త తక్కువ. వారు పడవ యెక్కుటకు మునుపు అడుగవలసిన ప్రశ్న యొక్కటియే: “ఇంజను గది మూత యెత్తి చూపెదరా?”

మన దేశమునకును ఇందు పాఠము లేకపోలేదు. మన జలాశయములపై తిరుగు స్పీడుబోట్లలో పెక్కింటికి పెట్రోలు ఇంజను వెనుకభాగమున వెలుపల వ్రేలాడుచుండును. బయలుగాలి తగులుటచే అది కొంత మేలు. కాని తొట్టియు, బ్యాటరీయు మూతల క్రింద బిగించిన మూసిన గదిలో నున్నచో అపాయ మొక్కటే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరి వరదలో విహారపు పడవ మునిగి పెక్కుమంది మరణించిరి. అది వరద చేసిన పని, ఆవిరి చేసినది కాదు. అయినను తనిఖీలును, ఆంక్షలును చావుల తరువాతనే చుఱుకుదేరు మన యలవాటును ఆ దుఃఖము మఱొకమారు చూపినది. 1917 నాటి పాత శాసనము పోయి దేశీయ జలయాన చట్టము 2021లో వచ్చినది. మరపడవలకు తనిఖీయు, నమోదును అందు విధింపబడినవి. పెట్రోలు పడవను తనిఖీ చేయు నధికారి కాగితములతో తృప్తిపడక, అడుగుమూత యెత్తించి, గాలిత్రోవలను, గొట్టములను, బ్యాటరీ బిగింపును చూచి, వాసన పట్టి, అటుపిమ్మట సంతకము చేయవలెనని మేము కోరుచున్నాము. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుట మన సామెతలో నుండనిండు. మన పరిపాలనలో నుండరాదు.

ఈ కీడును తొలగించుటకు గొప్ప యంత్రము లక్కఱలేదు, ధనరాసు లక్కఱలేదు. తెఱచిన మూత, వాసన పట్టు ముక్కు, నాలుగు నిమిషముల ఓర్పు చాలును. రేవున కాచియున్న పడవలు మఱి నాలుగు నిమిషములు కాచినందువలన ఎవ్వరికిని నష్టము లేదు. నష్టమంతయు కాచుకొనని పడవలోనే కలదు.