జిజ్ఞాస పుట్టుకతోనే వచ్చునా?

కామవరపుకోట మెట్టపొలములలోని మొక్కజొన్న కండెలు ఇల్లు చేరిన రాత్రి, ఆ కుప్ప చుట్టును ఎలుకల సందడి మొదలగును. ఒకటి గోడ వెంబడి నక్కి నక్కి పోవును. మరియొకటి నడిమికి వచ్చి, మూతి పైకెత్తి, క్రొత్త వస్తువు నెల్ల వాసన చూచును. ఒకే కలుగున పుట్టిన వానికి ఈ భేదమెట్లు కలిగెను?

శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నను పరీక్షకు పెట్టిరి. వెలుతురు పడు వెడల్పాటి పెట్టెలో చిట్టెలుకను విడిచి, అది ఎంత తిరుగునో లెక్కించుట వారి పద్ధతి. అమెరికాలో డిఫ్రీస్ అను ఆచార్యుడును ఆయన సహచరులును ఎక్కువగా తిరుగు వానిని ఒక వంశముగను, తక్కువగా తిరుగు వానిని వేరొక వంశముగను 30 తరములు పెంచిరి. 1978లో వారు ఫలితములు ప్రకటించునాటికి ఆ రెండు వంశముల నడుమ తేడా సుమారు 30 రెట్లకు చేరెను. చొరవలో పుట్టుకకు పాలు కలదనుటకు ఇంతకు మించిన నిదర్శనము అక్కరలేదు.

అయినను అంతటితో తీర్పు చెప్పుట తొందరపాటు. ఆ ఆచార్యుని బృందమే 1966లో మరియొక సంగతి కనుగొనెను. ప్రకాశవంతమైన ఆ పెట్టెలో తెల్ల చిట్టెలుకలు రంగు చిట్టెలుకలకంటె మందకొడిగా ఉండెడివి. తెల్లని దీపమునకు బదులు ఎఱ్ఱని దీపము పెట్టగా ఆ భేదము చాలవరకు మాసిపోయెను. తెల్ల ఎలుక కంటిలో కాంతిని అడ్డు రంగు పదార్థము లేదు. కాబట్టి ఆ ప్రాణిని వెనుకకు లాగినది పిరికితనము కాదు, దీపము.

2013లో జర్మనీ పరిశోధకులు ప్రకటించిన ఫలితము ఇంకను ఆలోచింపజేయును. జన్యువులలో ఏ భేదమును లేని 40 చిట్టెలుకలను అంతస్తులుగల విశాలమైన పంజరములో మూడు నెలలు ఉంచగా, నానాటికి వాని నడతలు వేరుపడెను. ఎక్కువ తావులు చుట్టివచ్చిన వాని మెదడులో క్రొత్త నాడీకణములు ఎక్కువగా పుట్టెను.

పిల్లవాడు ఎలుక కాడు. ఎలుకల లెక్కలతో పిల్లలను తూచరాదు. కాని "వాడి నాన్నా అంతే, వాడూ అంతే" అను మాట మన బడులలో నేటికిని వినవచ్చుచున్నది. చివరి బల్లపై నోరు మెదపని బాలునికి నల్లబల్ల మీది అక్షరము కనబడుచున్నదో లేదో అడిగిన వారెందరు? వానిని ఒక్క వారము ముందు బల్లపై కూర్చుండబెట్టి చూచుటకు ఖర్చేమియు లేదు. వంశమును మార్చుట ఉపాధ్యాయుని వశము కాదు. దీపమును మార్చుట మాత్రము ఆయన చేతిలోని పని.