సముద్రం సరే, వార్డు చూశారా?

తిరుపతికి దేశం నలుమూలల నుంచి జనం వస్తారు. రుయాలో హౌస్‌సర్జన్సీ చేసినవాళ్లను అడగండి, ఆ ఏడాదిలో ఎన్నిసార్లు కొండెక్కారని. కొండ రోజూ కళ్ల ముందే ఉంటుంది. డ్యూటీ దిగాక మాత్రం మంచం తప్ప ఇంకేమీ గుర్తురాదు. పీజీ సీటుకు ఆప్షన్లు పెట్టే ముందు ఈ సంగతి ఒక్కసారి తలచుకోండి.

నీట్ పీజీ ర్యాంకు రాగానే హాస్టల్ గదుల్లో వినిపించే మొదటి మాట ‘మంచి ఊరు చూసుకుందాం రా’ అనేదే. ఒకరి కన్ను అండమాన్ మీద. యూఎస్‌ఎంఎల్‌ఈ రాస్తున్న ఇంకొకరి కన్ను హవాయి మీద. ఆ కోరికలో తప్పేం లేదు. మూడేళ్లు ఉండాల్సిన చోటు మనసుకు నచ్చాలి కదా! కానీ అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అది రోగుల్ని పంపే ఆసుపత్రా, అందుకునే ఆసుపత్రా?

చిత్తూరువాళ్లకు ఈ తేడా చెప్పక్కర్లేదు. కేసు సీరియస్ అనగానే అంబులెన్స్ రాయవేలూరు దారో, తిరుపతి దారో పడుతుంది. రుయా, 1993లో మొదలైన స్విమ్స్ రెండూ అందుకునే చోట్లు. పీజీ విద్యార్థికి అలా వచ్చే కష్టమైన కేసులే అసలు పాఠాలు.

ద్వీపాలకూ ఇదే లెక్క. పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీ విజయపురంలో, 2015లో మెడికల్ కాలేజీ వచ్చింది. అయినా పెద్ద చికిత్స అవసరమైన రోగుల్ని చెన్నై వంటి నగరాలకు పంపక తప్పడం లేదు. హోనలులులోని క్వీన్స్ ఆసుపత్రి అలా కాదు. పక్క దీవుల్లో తీవ్రంగా గాయపడినవారిని విమానంలో అక్కడికే తెస్తారు. హవాయి యూనివర్సిటీ రెసిడెంట్లు శిక్షణ పొందే ఆసుపత్రుల్లో అదొకటి. రెండూ దీవులే, నేర్పే చదువులు మాత్రం వేరు.

పంపే చోటు పనికిరాదని కాదు. తుపానుకు విమానాలు ఆగిన రాత్రి, ఉన్న మందులతో, ఉన్న మనుషులతో రోగిని కాపాడుకోవడం అక్కడే అలవడుతుంది. రేపు చిన్న పట్టణంలో పనిచేయాలనుకునేవారికి అది గొప్ప బలం. కార్డియాలజీ, న్యూరాలజీ మీ గురి అయితే మాత్రం అందుకునే ఆసుపత్రికే ఓటు వేయండి.

ఆ తర్వాత ముగ్గురికి ఫోన్ చేయండి. మొదటి ఏడాది పీజీ ఒకరు, ఆఖరి ఏడాది ఒకరు, బయటికొచ్చినవారు ఒకరు. రెండో ఏడాదికి సొంతంగా ఏయే పనులు చేయనిస్తారు? వారాంతపు సెలవు నిజంగా ఇస్తారా? స్టైపెండ్ నెలనెలా చేతికొస్తుందా? బాండ్ ఎంత, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి? హోనలులు లాంటి ఖరీదైన ఊళ్లో అద్దె పోగా ఏం మిగులుతుంది? భాష సంగతీ అడగండి. ఇక్కడ ‘కడుపులో తిప్పతా ఉండాది సార్’ అంటే చాలు, మీకు అర్థమైపోతుంది. అండమాన్‌లో అదే బాధను హిందీలోనో, బెంగాలీలోనో వినాలి.

ఆప్షన్ల వరుసలోనూ జాగ్రత్త. మీ జాబితాలో పైనుంచి చూస్తూ, మీ ర్యాంకుకు అందిన మొదటి సీటునే ఇస్తారు. కాబట్టి నిజంగా కావాల్సిందే పైన పెట్టండి. వచ్చినా వెళ్లనిది అసలు పెట్టొద్దు. అమెరికా మ్యాచ్‌లో ర్యాంక్ లిస్టుకూ ఇదే సూత్రం.

ఇంత చూసుకున్నాక కూడా దీవి ఆసుపత్రే పైన నిలిస్తే నిశ్చింతగా బయల్దేరండి. నిలవకపోతే బెంగపడొద్దు. సముద్రం ఎక్కడికీ పోదు, వారం సెలవు పెట్టి చూసి రావచ్చు. పీజీలో చేతికి రాని పనిని మాత్రం ఏ సెలవుల్లోనూ నేర్చుకోలేరు.