కొన్న ధర ఒకటి, మోసే ఖర్చు మరొకటి

రమజాన్ మాసం సమీపించగానే మస్జిద్ కమిటీలలో ఒక ప్రస్తావన వస్తూ ఉంటుంది. సహరీ, ఇఫ్తార్ వేళల పట్టికలను ఏటేటా బయట అచ్చు వేయించడం దేనికి, ఒక రంగుల లేజరు ప్రింటరు మనమే కొనుక్కుంటే పోలేదా అని. తజ్వీద్ నియమాలను రంగులలో చూపే పాఠాలు పిల్లలకు పంచవచ్చునని మదర్సాలలోనూ ఇదే ఆలోచన. ఇక కాళేశ్వరం వంటి చోట జిరాక్సు దుకాణం నడుపుకొనే యువకుని సంగతి చెప్పనక్కరలేదు. గోదావరి, ప్రాణహిత సంగమానికి వచ్చే యాత్రికులకు ఫొటోలు కావాలి; వంతెన దాటి సిరొంచ వైపునుంచి వచ్చేవారికి దరఖాస్తులు, ధ్రువపత్రాల నకళ్లు కావాలి. ఒకప్పుడు పెద్ద కార్యాలయాలకే పరిమితమైన యంత్రం ఇప్పుడు అందుబాటు ధరకు దొరుకుతున్నదంటే ఎవరికి ఆశ పుట్టదు?

అయితే తక్కువ ధర పలికే వస్తువు తక్కువ ఖర్చుతో నడిచే వస్తువేనా? ఈ నెల మేము పాఠకుల ముందుంచదలచిన ప్రశ్న ఇదే.

ఈ యంత్రంలో నాలుగు డబ్బాల రంగుపొడి ఉంటుంది: నలుపు, సయాన్ అనే నీలి, మెజెంటా అనే గులాబీ, పసుపు. దీన్నే టోనరు అంటారు. కొత్త యంత్రంతోపాటు వచ్చే డబ్బాలలో చాలాసార్లు పొడి నిండుగా ఉండదు. తరువాత మనం కొనే డబ్బాలకన్నా తక్కువ పేజీలకే అవి అయిపోతాయి. డబ్బాపై వేసిన పేజీల సంఖ్య కూడా కాగితంపై ఒక్కో రంగు సుమారు 5 శాతం మేర మాత్రమే పరచుకుంటుందన్న లెక్కమీద చెప్పినది. మన రమజాన్ పట్టికకేమో కాగితం నిండా పచ్చరంగు పూయాలని ముచ్చటపడతాము. ఆ పచ్చదనం నీలి, పసుపు పొడులు కలిస్తేనే వస్తుంది. 5 శాతం లెక్క ఎక్కడ, అంచునుంచి అంచుదాకా పరచిన రంగు ఎక్కడ!

ఒక చిన్న లెక్క వేసి చూద్దాము. నల్లపొడి డబ్బా ధర 4,000 రూపాయలనీ, అది 1,500 పేజీలకు వస్తుందనీ అనుకుందాము. మిగిలిన మూడు రంగులు ఒక్కొక్కటి 4,500 రూపాయలు, 1,200 పేజీలకు వస్తాయనుకుందాము. అప్పుడు పేజీకి నలుపు 2 రూపాయల 67 పైసలు, మూడు రంగులు కలిసి 11 రూపాయల 25 పైసలు. కాగితం ఖరీదు కలిపితే సుమారు పద్నాలుగున్నర రూపాయలు. చెల్లెలి పెళ్లికి దాచిన సొమ్ముతో ఈ యంత్రం కొని, పక్క దుకాణంతో పోటీపడి పేజీకి 10 రూపాయలు తీసుకొనే యువకుడు ప్రతి పేజీకీ నాలుగున్నర రూపాయలు ఎదురిస్తున్నాడన్నమాట. వేయి పేజీలకు 4,500. ఫొటోలైతే నష్టం ఇంకా ఎక్కువ. మొదటి డబ్బాలు యంత్రంతో వచ్చినవి గనుక, తొలి నెలలలో చేతికందిన ప్రతి రూపాయీ అతనికి లాభంగానే కనిపిస్తుంది. డబ్బాలు ఖాళీ అయిన రోజున గాని అసలు లెక్క బయటపడదు. అప్పటికి ఆ రూపాయలు ఇంటి ఖర్చులలో కలిసిపోయి ఉంటాయి.

పొడి ఒక్కటే కాదు. డ్రమ్ము, బెల్టు, పొడిని వేడితో కాగితానికి అతికించే ఫ్యూజరు, వ్యర్థపు పొడి చేరే డబ్బా, వీటన్నిటికీ ఆయుష్షు ఉంటుంది. కొన్ని నమూనాలలో పసుపు అయిపోతే నల్ల అక్షరమైనా అచ్చు కాదు. యంత్రం తనను తాను శుభ్రపరచుకోవడానికి, రంగులు సరిచూసుకోవడానికి కూడా కొంత పొడి వాడుకుంటుంది. ఫ్యూజరు సుమారు 200 డిగ్రీల వరకు వేడెక్కవలసి ఉన్నందున ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఇంట్లోని చిన్న ఇన్వర్టరు దానిని భరించలేదు. వానాకాలంలో చెమ్మ పట్టిన కాగితం లోపల ఇరుక్కుంటుంది. బాగుచేసేవాడు భూపాలపల్లినుంచో, హన్మకొండనుంచో రావాలంటే రానుపోను ఖర్చు మన మీదనే.

చవకగా దొరికే వేరే తయారీ పొడి వాడదామంటే, డబ్బాకున్న చిప్పును గుర్తించి దానిని నిరాకరించే యంత్రాలున్నాయి. 2017లో అమెరికా సుప్రీంకోర్టు లెక్స్‌మార్క్ సంస్థకు సంబంధించిన వ్యాజ్యంలో, డబ్బాను ఒకసారి అమ్మిన తరువాత దానిపై తయారీదారుకు పేటెంటు హక్కు మిగలదని తీర్పు చెప్పింది. బేరం పూర్తయ్యాక వస్తువు కొన్నవాని సొత్తు అన్నది మన ఫిఖహ్ విద్యార్థులకు కొత్త మాట కాదు. కాని ఆ తీర్పు చిప్పును తొలగించలేదు. కొనకముందే ఆ సంగతి అడిగి తెలుసుకోవలసింది మనమే.

వస్తువును సంపాదించే ఖర్చు వేరు, నడిపే ఖర్చు వేరు అన్న పాఠం కాళేశ్వరంవారికి ఒకరు చెప్పనక్కరలేదు. 2019 జూన్ 21న ప్రారంభమైన ఎత్తిపోతల పథకం వారి కళ్ల ముందే ఉన్నది. పల్లానికి పారే నీటిని ఎత్తుకు తోడాలంటే తోడినన్నాళ్లూ కరెంటు బిల్లు కట్టవలసిందే. 2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకు వచ్చిన కాగ్ నివేదిక ఈ ఖర్చును గురించి కూడా హెచ్చరించింది. రాజ్యానికి వర్తించే లెక్క రైతుకూ, దుకాణదారునికీ, మస్జిద్ కమిటీకీ వర్తిస్తుంది.

ఇక ధర్మం మాట. దైవప్రవక్త (స) ఒకనాడు బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపలి గింజలు తడిగా తగిలాయి. వాన వల్ల తడిసినవని అమ్మకందారు విన్నవించగా, ఆ తడిసిన వాటిని జనానికి కనిపించేలా పైననే ఎందుకు ఉంచలేదని ఆయన (స) ప్రశ్నించారు. మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. టోనరు ధర ఎక్కువ కావడం వస్తువులోని లోపం కాదు. అది విచారిస్తే తెలిసేదే. కనుక ఆ ఒక్క కారణంతో వస్తువును తిప్పి ఇచ్చే హక్కు ఉన్నదని మేము అనజాలము. కాని డబ్బా నిండుగా లేదని తెలిసీ, నిండుగా ఉన్నదని కొనుగోలుదారు భ్రమిస్తున్నాడని చూస్తూ నోరు మెదపకపోవడం తడి గింజలను అడుగున దాచడం వంటిదే. బేరాలలో తరచూ మోసపోయే ఒక సహాబీకి దైవప్రవక్త (స), ఇందులో మోసం ఉండరాదని బేరం సమయంలోనే చెప్పమని నేర్పారు. అంటే అమ్మేవాడు చెప్పాలి, కొనేవాడు అడగాలి. రెండూ బాధ్యతలే.

కనుక కొనబోయే ముందు అయిదు ప్రశ్నలు అడగండి. పెట్టెలో వచ్చే డబ్బాలు ఎన్ని పేజీలకు వస్తాయి? నాలుగు కొత్త డబ్బాల ధర ఎంత? డ్రమ్ము విడిగా కొనాలా? వేరే తయారీ పొడి పనిచేస్తుందా? మరమ్మతు ఎక్కడ? జవాబులను బిల్లు వెనుకనైనా రాయించుకోండి. వస్తువు నాణ్యత, పరిమాణం, ధరలను గురించి తెలుసుకొనే హక్కు 2019 వినియోగదారుల రక్షణ చట్టం మనకిచ్చినదే; ఫిర్యాదుకు 1915 నంబరు ఉన్నది. వాయిదాలలో కొనదలిస్తే అందులో వడ్డీ ఏ పేరుతో దాగి ఉన్నదో చూడండి. యంత్రం ధర తగ్గిందన్న సంతోషంలో వడ్డీని ఇంటికి తెచ్చుకోరాదు.

మా అభిప్రాయం అడిగితే, పాఠాలకు, ప్రశ్నపత్రాలకు నలుపు తెలుపు యంత్రం చాలు. రంగు పేజీలు అప్పుడప్పుడే అవసరమైతే బయట వేయించుకోవడమే చవక. రోజూ అవసరమైతే సిరా ట్యాంకు ప్రింటరు ఖర్చును కూడా పక్కన పెట్టి సరిచూడండి. సమయ పట్టికకు తెల్లని కాగితంపై సన్నని పచ్చని గీత చాలదా? ఇఫ్తార్ వేళ తెలిస్తే చాలు గదా!

మస్జిద్, మదర్సాల సొమ్ము అమానత్. కూలి చేసుకొనే సోదరుడు, కుట్టుపని చేసుకొనే సోదరి అల్లాహ్ ప్రసన్నత కోరి ఇచ్చిన పది రూపాయలు అందులో ఉన్నాయి. కొన్ననాటి రసీదు ఒక్కటే కాక, ఏడాది పొడుగునా ఆ యంత్రం తిన్న ఖర్చును కూడా జమాఅత్ ముందుంచే కమిటీయే ఆ అమానత్‌కు న్యాయం చేసినట్లు. అల్లాహ్ మన సంపాదనలో బర్కత్‌నూ, ఖర్చులో వివేకాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.