భరణం ఎవరి భారం?

మొన్న నా పూర్వ విద్యార్థిని ఒకతె మా ఇంటికి వచ్చింది. విడాకులై మూడేళ్లయినది. తొమ్మిదేళ్ల కొడుకు ఆమె వద్దనే పెరుగుతున్నాడు. ఏడాదిగా ఆమె ఒక సహచరునితో కలిసి ఉంటున్నది. ఆ సంగతి తెలిసిన నాటినుండి తండ్రి పిల్లవానికి పంపే సొమ్ము ఆపివేశాడట. "ఆ ఇంట్లో సంపాదించేవాడు ఉన్నాడుగా!" అన్నాడట.

"మాస్టారూ, అతని జీతం సంగతి కోర్టులో బయటపడితే మావాడి హక్కు పోతుందాండీ?" అని అడిగింది.

నేను వకీలును కాను, వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవాణ్ణి. భర్త, భార్య, భృతి, భరణం అన్నీ 'భృ' ధాతువునుండి పుట్టినవే. భరించుట, పోషించుట దాని అర్థం. భార్యాభర్తల బంధం తెగవచ్చును గాని తండ్రీబిడ్డల బంధం తెగదు.

చట్టమూ అదే అంటున్నది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షను బిడ్డల పోషణను తల్లిదండ్రులిద్దరిపైనా పెట్టింది. తల్లి సహచరునిపై పెట్టలేదు. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షను స్థానంలో 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షను అమలులోకి వచ్చింది. వ్యభిచార జీవితం గడిపే భార్యకు భృతి లేదనే నిబంధన అందులోనూ ఉన్నది. అది భార్యకు చెప్పినదే గాని బిడ్డకు వర్తించదు.

అంతమాత్రాన సహచరుని ధనానికి లెక్కలో చోటే లేదనరాదు. 2020 నవంబరులో రజనేశ్, నేహల కేసులో సుప్రీంకోర్టు ఉభయపక్షాలూ తమ ఆదాయ, ఆస్తి, అప్పుల వివరాలను ప్రమాణపత్రంలో చూపాలని నిర్దేశించింది. అద్దెలో సగం సహచరుడు కడుతుంటే, మొత్తం తన ఖర్చేనని ఆమె వ్రాయరాదు. ఈ న్యాయం తండ్రికీ వర్తించాలి. అతడు ఒక ఉద్యోగినితో కలిసి ఉంటూ, అద్దె ఆమె కడుతుంటే, "జీతమంతా అద్దెకే పోతున్నది" అని వాపోవడం చెల్లదు. ఆమె జీతం అతని ఆదాయం కాదు. ఆమె వలన అతనికి మిగిలినది మాత్రం అతనిదే.

మన తెలుగువారెందరో స్థిరపడిన కాలిఫోర్నియాలో ఈ సంగతి చట్టంలోనే వ్రాసి ఉంచారు. లెక్కించకుంటే బిడ్డకు తీవ్రమైన కష్టం కలిగే అసాధారణ సందర్భాల్లో తప్ప, కొత్త సహచరుల ఆదాయాన్ని లెక్కలోకి తీసుకోరు. మన చట్టంలోనూ అటువంటి వాక్యం ఒకటి ఉండాలని నా అభిప్రాయం.

ఆ సహచరుడు పిల్లవానికి బడి బూట్లు కొనిపెట్టాడట. అది అతని మంచితనం. రేపు వారిద్దరికీ పొసగకపోతే అతణ్ణి అడిగే హక్కు పిల్లవానికి లేదు. తండ్రిని అడిగే హక్కు ఉన్నది. బూట్ల ఖరీదుతో ఆ బాకీ చెల్లిపోదు.

"ఏదీ దాచకుండా వ్రాసి, కేసు వేయి తల్లీ" అని చెప్పి పంపాను. న్యాయశాస్త్రం తెలిసిన మిత్రులు నా మాటలో పొరపాటుంటే దిద్దగలరు.